తెల్లవారుజామున నాలుగింటికే లేపేస్తున్న పిల్లి, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు

భవానీపురం సెకండ్ ఫ్లోర్:

అందరికీ నమస్తే. మాది విజయవాడ, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నేను, మావారు, పదో తరగతి చదివే మా పాప, మా అత్తయ్యగారు ఉంటాం, మాతోపాటు చిట్టి అని ఒక ఆడపిల్లి. ఏడాదిన్నర వయసుంటుంది. కిందటి వేసవిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, టీకాలు కూడా వేయించాం. పగలంతా సోఫా వెనక పడుకునే ఉంటుంది, ఇంట్లో పిల్లి ఉందని వచ్చినవాళ్లకి తెలియను కూడా తెలియదు. తెల్లవారుజామున నాలుగు, నాలుగుంపావు అయిందంటే మాత్రం మొదలు.

ముందు తల దగ్గర దోమతెర బయట కూర్చుని సన్నగా అరుస్తుంది. లేవకపోతే దోమతెర పట్టుకుని ఎక్కుతుంది, ఇప్పటికే ఆ తెరకి రెండు మూడు చోట్ల చిరుగులు పడ్డాయి, దోమలు కూడా లోపలికి వస్తున్నాయి. అప్పటికీ లేవకపోతే స్టూలు మీద పెట్టుకున్న స్టీలు గ్లాసుని పంజాతో కొంచెం కొంచెంగా అంచు దాకా జరుపుతుంది, ఒకసారి ఆగి మా వైపు చూస్తుంది, తర్వాత కింద పడేస్తుంది. ఆ చప్పుడుకి పక్క గదిలో పాప కూడా లేచిపోతుంది. దుప్పట్లోంచి కాలి వేళ్లు బయట ఉంటే కొరుకుతుంది కూడా. మావారు లేచి వెళ్లి గుప్పెడు డ్రై ఫుడ్ గిన్నెలో వేస్తే తిని ఎనిమిది దాకా హాయిగా పడుకుంటుంది, మాకు మాత్రం మళ్లీ నిద్ర పట్టదు. ఆయన బండి మీద రోజూ గుంటూరు వెళ్లి రావాలి, నిద్ర చాలక దారిలో కళ్లు మూతలు పడుతున్నాయంటున్నారు, నాకు అదో భయం. పాపకి మార్చిలో పబ్లిక్ పరీక్షలు.

మా అత్తయ్యగారికి చిట్టి అంటే ప్రాణం. కార్తీక మాసమంతా ఆవిడ నాలుగింటికే లేచి స్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెట్టేవారు, ఇది ఆవిడ కాళ్ల చుట్టూ తిరుగుతూ ఉండేది, దీపం అయ్యాక దీనికి గిన్నెలో పాలు పోసేవారు. ధనుర్మాసంలోనూ అంతే. సంక్రాంతి అయ్యాక ఆవిడ ఆరింటికి లేస్తున్నారు. ఇంత ఇష్టమున్న ఆవిడే ఇప్పుడు "ఎక్కడైనా రైతు బజారు దగ్గర వదిలిపెట్టి రండి, చేపల కొట్ల దగ్గర బతుకుతుంది" అంటున్నారు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

తలుపు వేసి చూశాం, ఆపకుండా గోకుతూనే ఉంది. నీళ్లు చిలకరిస్తే మంచం కిందకి దూరి, మర్నాడు మళ్లీ మామూలే. తిండి చెప్పాలంటే పొద్దున పాలు, మధ్యాహ్నం అన్నంలో కొంచెం చికెనో చేపో కలిపి, సాయంత్రం ఏడింటికి అత్తయ్యగారితో పాటు పెరుగన్నం, మధ్యలో డ్రై ఫుడ్. పిల్లుల్ని పెంచేవాళ్లు ఎవరైనా దారి చెప్పండి, దయచేసి వదిలేయమని మాత్రం చెప్పకండి.

మూడు పిల్లుల ఇల్లు:

అండీ, మీరు రాసిన దాంట్లోనే కారణం ఉంది. కార్తీకం, ధనుర్మాసం కలిపితే దాదాపు రెండు నెలల పాటు నాలుగింటికి లైటు వెలగడం, మనిషి లేవడం, పాలు దొరకడం ఇదంతా చిట్టికి అలవాటైంది. సంక్రాంతి వెళ్లిపోయిందని దానికి ఎవరు చెప్తారు? అత్తయ్యగారు లేవడం మానేశారు కాబట్టి లేపాల్సిన పని తనది అనుకుంటోంది. లేపితే మీవారు గుప్పెడు వేస్తున్నారు, అంటే లేపితే తిండి వస్తుందని రోజూ రుజువవుతోంది. ఇందులో దాని మొండితనం ఏమీ లేదు, అల్లరి అంతకన్నా లేదు.

అసలు పిల్లులు నిద్రపోయేది రోజుకి పన్నెండు నుంచి పదహారు గంటలు, కానీ మనలా రాత్రిపూట ఒకే దఫా కాదు. పొద్దు వాలే వేళ, తెల్లవారబోయే వేళ వాటికి చురుకు ఎక్కువ. ఎలకలూ పిట్టలూ కదిలేది అప్పుడే కాబట్టి వేటాడే ఒళ్లు అలా తయారైంది. కాబట్టి చిట్టిని ఎనిమిదింటిదాకా లేవకుండా చేయడం కుదరదు, లేచినా మిమ్మల్ని లేపకుండా ఉండేలా చేయడం మాత్రం కచ్చితంగా కుదురుతుంది.

మొదట మార్చాల్సింది సాయంత్రం ఏడింటి భోజనం. ఏడింటికి పెరుగన్నం తిన్న పిల్లికి నాలుగింటికి ఆకలి వేయడంలో వింతేం లేదు. పెద్ద భోజనాన్ని మీరు పడుకోబోయే ముందుకు, పదిన్నరకో పదకొండుకో జరపండి, అందులో అన్నం కాకుండా మాంసం ఉండేలా చూడండి. ఆ భోజనానికి ముందు పది పదిహేను నిమిషాలు గట్టిగా ఆడించాలి, ఇది మాత్రం మానకండి. ఒక పుల్లకి నెమలీక కట్టి నేల మీద పురుగు పాకినట్టు మెల్లగా లాగండి, సోఫా చాటుకి తీసుకెళ్లి ఆపండి, అది పొంచి చూసి దూకేదాకా ఆగండి. ముఖం ముందు ఊరికే ఊపితే దానికి వేట కాదు, చిరాకు. ఆఖర్లో దానికి దొరకనివ్వాలి, దొరికాక తిండి పెట్టాలి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, పిల్లికి ఈ వరసలోనే జరుగుతాయి. మీ పాప రాత్రి చదువుకుంటుంది కదా, పుస్తకం మూశాక ఆ పది నిమిషాలు తననే ఆడించమనండి, పరీక్షల టెన్షన్ ఉన్న పిల్లకి కూడా మంచిదే. ఆట అయ్యాక పుల్లా దారమూ బీరువాలో పెట్టేయాలి. దారాలు, జడ రబ్బర్లు, పూలదండ నార మింగితే పేగుల్లో ఇరుక్కుని ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఇక నాలుగింటి గుప్పెడు. దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే అరుపులు ముందు పెరుగుతాయి, తగ్గవు. నిన్నటిదాకా పని చేసిన పద్ధతి ఇవాళ పని చేయకపోతే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది, పెరిగి పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆ పెరిగిన రోజుల్లో ఎవరైనా ఓర్చుకోలేక లేచి తిండి పెట్టారో, ఇంతసేపు అరిస్తే పెడతారన్నమాట అని నేర్చుకుంటుంది, మొదటికంటే కష్టమవుతుంది. పరీక్షల పిల్ల ఉన్న ఇంట్లో అన్ని రాత్రులు ఆ అరుపులు భరించమని నేను చెప్పను. మీకు టైమర్ ఉన్న ఫీడర్ సరైనది, ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వేలల్లో దొరుకుతున్నాయి, కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీ కూడా ఉన్నది తీసుకోండి. దాన్ని మీ బెడ్‌రూముకి దూరంగా హాల్లో ఆ చివర పెట్టి, చిట్టి అరుపు మొదలుపెట్టే టైముకి కొంచెం ముందుగా, మూడూ యాభైకి అనుకోండి, తిండి పడేలా పెట్టండి. కొన్నాళ్లకి మీ మంచం దగ్గరకి రావడం మాని మిషన్ దగ్గర కూర్చుంటుంది. అప్పుడు రెండు మూడు రోజులకోసారి పది నిమిషాలు వెనక్కి జరుపుకుంటూ ఆరు దాకా తీసుకెళ్లండి. తొందరపడి ఒకేసారి గంట జరిపితే మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఫీడర్ తెచ్చిన రోజే రాత్రికి పెట్టేయకుండా రెండు రోజులు పగలు వాడండి, గింజలు పడే చప్పుడుకి బెదిరిపోకుండా ఉంటుంది. అందులో వేసేది రోజు మొత్తం తిండిలోంచి తీసి వేయాలి, పైన అదనంగా కాదు.

ఆ స్టీలు గ్లాసు స్టూలు మీంచి తీసేయండి, మూత ఉన్న బాటిల్ కింద పెట్టుకోండి. గ్లాసు పడితే మీరు లేస్తారని దానికి తెలుసు.

పెద్దాపురం నుంచి:

ఇంత కష్టం ఎందుకండీ, రాత్రి బాల్కనీలో పెట్టి తలుపు వేసేయండి, రెండు రోజులు అరిచి అదే ఊరుకుంటుంది. మా ఊళ్లో పిల్లులన్నీ బయటే తిరుగుతాయి, ఎవరూ చావలేదు. మా చుట్టాలు ఒకాయన పిల్లలకి వేసే జలుబు సిరప్ పాలల్లో రెండు చుక్కలు కలిపేవారు, తెల్లారేదాకా లేచేది కాదు.

గన్నవరం వెటర్నరీ స్టూడెంట్:

అన్నా, ఆ సిరప్ సంగతి చదివి ఎవరైనా వేస్తారేమోనని వెంటనే రాస్తున్నాను. వద్దు, ఒక్క చుక్క కూడా వద్దు. జలుబు సిరప్పుల్లో చాలావాటిల్లో పారాసిటమాల్ ఉంటుంది. మనుషులకి మామూలు మందే అయినా పిల్లి లివర్‌కి దాన్ని విరిచి బయటికి పంపే శక్తి లేదు, రక్తం ఆక్సిజన్ మోయలేకుండా అయిపోతుంది, చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఒక్క మాత్రతో పిల్లులు చనిపోతాయి. మనుషుల నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు కూడా అంతే, డాక్టరు బరువు చూసి రాస్తే తప్ప వేయకూడదు. పొరపాటున ఎవరైనా ఇచ్చి ఉంటే తెల్లారనివ్వకుండా అప్పుడే తీసుకెళ్లాలి.

బాల్కనీ గురించి కూడా చెప్తాను. మీ ఊళ్లో నేల మీద పుట్టి పెరిగి గోడలన్నీ తెలిసిన పిల్లి వేరు, ఫ్లాట్‌లో పెరిగిన పిల్లి వేరు. రెండో అంతస్తు బాల్కనీకి గట్టి నెట్ లేకపోతే పావురం కోసమో బల్లి కోసమో దూకి కింద పడుతుంది. పిల్లి ఎప్పుడూ కాళ్ల మీదే పడుతుందని అందరూ అంటారు కానీ కాళ్ల మీద పడ్డా దవడ పగలడం, ఊపిరితిత్తులు దెబ్బతినడం ఉంటాయి. రైతు బజారు దగ్గర వదలడం గురించి మీ అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి అక్కా, పెంచుకున్న జంతువుని ఆకలితో అలమటించే స్థితిలో వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇంట్లో పెరిగిన పిల్లి అక్కడి కుక్కల మధ్య ఎన్నాళ్లో బతకదు.

తిండి మీద నాకున్న అభ్యంతరం ఇది. పాలు, పెరుగన్నం పిల్లికి భోజనం కావు. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలలోని లాక్టోజ్ అరగదు, విరేచనాలవుతాయి. పిల్లి పూర్తిగా మాంసాహారి, టారిన్ అనే పోషకం దానికి తిండిలోంచే రావాలి, అది మాంసంలో, చేపల్లో ఉంటుంది, అన్నంలో పాలల్లో దానికి సరిపడా ఉండదు. చాలాకాలం తక్కువైతే గుండె కండరం బలహీనపడుతుంది, కంటిచూపు పోతుంది. పైగా పెరుగన్నంతో కడుపు నిండినట్టున్నా ఒంటికి కావాల్సిన ప్రొటీన్ అందదు, కొన్ని గంటలకే మళ్లీ ఆకలి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, లివర్ అప్పుడప్పుడు కొంచెం, మిగతాది మంచి క్యాట్ ఫుడ్ పెట్టండి. నాలుగు కేజీల పిల్లికి డ్రై ఫుడ్ మాత్రమే పెడితే రోజుకి 50, 60 గ్రాములు సరిపోతుంది, ప్యాకెట్ మీద బరువు ప్రకారం రాసి ఉంటుంది చూడండి.

కాలి వేళ్లు కొరుకుతోందన్నారు. చర్మం తెగి రక్తం వచ్చిందా? వస్తే టీకా వేసిన ఇంటి పిల్లే కదా అని వదిలేయకుండా సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించండి. రేబిస్ టీకా వేయాలా వద్దా వాళ్లు చెప్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. చిట్టికి కూడా ఏటా బూస్టర్ పడాలి.

ఒకటి అడగాలి. ఆపరేషన్ అయింది కాబట్టి ఎద అరుపులు అయ్యే అవకాశం తక్కువ. నీళ్లు మామూలుగానే తాగుతోందా, మూత్రం మామూలుగా పోస్తోందా, బరువు తగ్గిందా? ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెప్తున్నాను, ముఖ్యంగా మగపిల్లి ఉన్నవాళ్లకి. లిట్టర్ ట్రేలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకుండా రాత్రిపూట అరుస్తుంటే అది అల్లరి కాదు, మూత్రనాళం మూసుకుపోయిందేమో అనుకోవాలి, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

భవానీపురం సెకండ్ ఫ్లోర్:

చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. తమ్ముడూ, నీళ్లు మామూలుగానే తాగుతోంది, ట్రే కూడా మామూలే, బరువు తగ్గలేదు, ఇంకా కొంచెం పెరిగిందనే అనిపిస్తోంది. వేళ్లు కొరకడం పంటి గుర్తు పడేంతే, తెగలేదు. కార్తీక మాసం మాట చదివి వినిపిస్తే మా అత్తయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే అది నన్నే పిలుస్తోందా" అన్నారు. అప్పటినుంచి రైతు బజారు మాట ఎత్తలేదు. ఫీడర్ ఆర్డర్ పెట్టాను. ఒక్క సందేహం, ఆవిడ పొద్దున పాలు పొయ్యడం మానమంటే బాధపడతారు, అది ఎలా?

మూడు పిల్లుల ఇల్లు:

పెట్టే చెయ్యి మానక్కర్లేదు, పెట్టేది, పెట్టే వేళ మారితే చాలు. పొద్దున ఆవిడ కాఫీ తాగాక, ఏడింటికో ఏడున్నరకో, వంటింట్లో, ఉడికించిన చికెన్ ముక్కో ముల్లు తీసిన చేప ముక్కో ఆవిడ చేత్తోనే పెట్టమనండి. ఆవిడ నిద్ర లేచిన వెంటనే మాత్రం వద్దు. మనిషి లేవగానే తిండి వస్తుందంటే మళ్లీ మనిషిని లేపడమే నేర్చుకుంటుంది, లేవడానికీ తిండికీ మధ్య కనీసం అరగంట ఉండాలి.

డాలస్‌లో ఉన్నాం:

మీ పిల్లి చిన్నది కాబట్టి మీకు ఇది వర్తించదు, కానీ ఇలాంటివి వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో ముసలి పిల్లులున్నవాళ్లు కూడా ఉంటారని రాస్తున్నాను. మా పిల్లికి పద్నాలుగేళ్లు. ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండేది ఉన్నట్టుండి అర్ధరాత్రి హాల్లో నిలబడి గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది, మేం కూడా తిండి కోసమే అనుకున్నాం, ఎందుకంటే తిండి బాగా తినేది. కానీ తింటూనే చిక్కిపోతోంది, ఎత్తుకుంటే వెన్ను ఎముకలు చేతికి తగిలేవి. రక్తపరీక్షలో థైరాయిడ్ ఎక్కువగా ఉందని తేలింది, బీపీ కూడా ఉంది. మెథిమజోల్ మాత్రలు మొదలుపెట్టాక రాత్రి అరుపులు చాలావరకు తగ్గాయి, బరువు కూడా పెరిగింది. పదేళ్లు దాటిన పిల్లి కొత్తగా రాత్రిపూట అరుస్తుంటే ఆటలు, ఫీడర్లు తర్వాత, ముందు టీ4 అనే థైరాయిడ్ పరీక్ష, కిడ్నీ పరీక్షలు, బీపీ చేయించండి. చూపు, వినికిడి తగ్గినా, మతిమరుపు వచ్చినా కూడా చీకట్లో దిక్కు తెలియక అరుస్తాయి, అలాంటివాటికి హాల్లో చిన్న లైటు వేసి ఉంచితే ఎంతో తేడా ఉంటుంది.

గన్నవరం వెటర్నరీ స్టూడెంట్:

మంచి మాట రాశారండీ. మన దగ్గర చాలామంది "ముసలిదైపోయింది, అంతే" అని వదిలేస్తారు. విజయవాడ చుట్టుపక్కల వాళ్లకి గన్నవరంలో, హైదరాబాద్ వాళ్లకి రాజేంద్రనగర్‌లో, రాయలసీమ వాళ్లకి తిరుపతిలో వెటర్నరీ కాలేజీలున్నాయి, అక్కడ ఆసుపత్రులూ ఉంటాయి, బయట ఖర్చు భరించలేనివాళ్లు అక్కడ అడగండి.

భవానీపురం సెకండ్ ఫ్లోర్:

ఎలా ఉందో మీకు చెప్దామనుకుంటూనే ఉన్నాను, ఇప్పటికి కుదిరింది. మొదటి వారం ఏమీ మారలేదు, ఒక రాత్రి అయితే మరీ ఎక్కువ అరిచింది, మావారు లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. తర్వాత ఒకరోజు నాలుగింటికి నాకే మెలకువ వచ్చి చూస్తే దోమతెర దగ్గర లేదు. హాల్లో ఫీడర్ ఎదురుగా ముందు కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుని ఉంది, గింజలు పడ్డాయి, తింది, కిటికీ ఎక్కి కూర్చుంది. మా గది వైపు చూడను కూడా లేదు. నాకు కన్నీళ్లొచ్చినంత పనైంది. ఇప్పుడు టైము అయిదుంపావుకి తెచ్చాం. పాప రాత్రి పదిన్నరకి నెమలీకతో ఆడిస్తోంది, తర్వాత పెద్ద భోజనం. పాలు, పెరుగన్నం పూర్తిగా ఆపేశాం, లిట్టర్ ట్రే వాసన కూడా తగ్గింది. అత్తయ్యగారు ఏడున్నరకి వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చేప ముక్క ముల్లు తీసి పెడుతున్నారు.

ఒకటే మిగిలింది, దోమతెర. తిండికోసం కాదు, సాయంత్రం ఊరికే ఆటగా ఎక్కుతోంది. కొత్తది కొనాలి, అదీ చింపేస్తుందేమోనని ఆగాను.

మూడు పిల్లుల ఇల్లు:

సంతోషం అండీ, అయిదుంపావు నుంచి ఇంకా నెమ్మదిగా జరపండి, ఇక్కడ తొందరపడకండి. దోమతెర పగలు మడిచి పైకి కట్టేయండి, పడుకునేటప్పుడే దించండి. గోళ్ల చివర్లు, లోపల గులాబీరంగు కనిపించే భాగం తగలకుండా, పదిహేను రోజులకోసారి తీయండి, అది నిద్రమత్తులో ఉన్నప్పుడు రోజుకి ఒక కాలు చొప్పున తీస్తే గొడవ చేయదు. ఎక్కడానికి దానికంటూ ఒకటి ఉండాలి, గుమ్మం పక్కన ఒక గట్టి కర్రకి కొబ్బరి తాడు వదులు లేకుండా చుట్టి కదలకుండా నిలబెట్టండి, అది ఒళ్లు పూర్తిగా సాచి గోకేంత ఎత్తు ఉండాలి, కనీసం మూడడుగులు. ఊగితే రెండోసారి ముట్టుకోదు. దాన్ని వాడటం మొదలుపెట్టాకే కొత్త దోమతెర కొనండి.